ఉన్నదున్నట్టు పట్టికలో పద్నాలుగో పేజీ

సైన్యం కొనబోయే ప్రతి వస్తువుకూ ఒక పరీక్ష ఉంటుంది. ఆ పరీక్షకు ఒక కమిటీ ఉంటుంది. కమిటీకి ఒక డేరా, డేరాలో టీ, టీతో పాటు రెండు రకాల బిస్కెట్లు ఉంటాయి. వీటన్నిటికీ చివర, కుర్చీ సగం ఎండలోకి జరిగిపోగా, జరిగినదంతా రాసిపెట్టే మనిషి ఒకరుంటారు. పదహారేళ్ళుగా ఆ మనిషి పేజీలమ్మ.

అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. అది జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. ఏ కాగితం చేతికిచ్చినా ముందు పేజీలకు నంబర్లు వేసుకుని, అప్పుడుగానీ చదవదు కాబట్టి ఆఫీసులో ఈ పేరు స్థిరపడిపోయింది. ఇంట్లో అత్తగారు కూడా చాటున ఈ పేరే వాడుతుందని ఆమెకు తెలుసు. తెలిసినట్టు కనపడదు.

ఆమె రాసేవాటన్నిటిలోకీ ముఖ్యమైనది ‘ఉన్నదున్నట్టు పట్టిక’. పరీక్ష జరిగే వేళ యంత్రంతో పాటు అక్కడ ఏమేం ఉన్నాయో, మేకు దగ్గర్నుంచి మేజాబల్ల దాకా, అందులో ఎక్కాలి. తర్వాత కంపెనీ వంద యంత్రాలు పంపినా వెయ్యి పంపినా, ఒక్కోదాంతోనూ పట్టికలో ఉన్నవన్నీ పంపి తీరాలి. ఎప్పుడో ఎవరో పరీక్షకు కొత్త టైర్ల లారీ చూపించి, తర్వాత బోడి టైర్ల లారీలు అంటగట్టారట. ఆ రోజున పుట్టిన నియమం.

ఒకసారి వానలో వైర్‌లెస్ సెట్టుకు పరీక్ష జరిగింది. తడవకుండా ఎవరో పైన నల్ల గొడుగు పట్టారు. పేజీలమ్మకు ముందు ఆ సీట్లో ఉన్నాయన గొడుగును కూడా పట్టికలోకి ఎక్కించాడు. ఈనాటికీ యుద్ధానికి వెళ్ళే ప్రతి వైర్‌లెస్ సెట్టు పెట్టెలో ఒక నల్ల గొడుగు ఉంటుంది. సెట్లు మూగవని సిపాయిలు బోలెడు ఫిర్యాదులు రాశారు. గొడుగుల మీద ఇంతవరకు ఒక్కటీ రాలేదు. ఆ గొడుగాయన తర్వాతెప్పుడో ఒక రిపోర్టు మీద సంతకం పెట్టనన్నాడు. ఇప్పుడు ఊరవతల గోదాములో దుప్పట్లు లెక్కపెడుతున్నాడు.

పేజీలమ్మ తమ్ముడు యుద్ధంలో లారీ నడుపుతాడు. పోయేటప్పుడు నీళ్ళు, రొట్టెలు, తూటాలు. వచ్చేటప్పుడు గాయపడ్డవాళ్ళు. చలికాలంలో ఐదు రోజుల సెలవు దొరికితే అక్క ఇంటికి వచ్చాడు. బూట్లు విప్పకముందే జేబులోంచి ఒక దారపు ఉండ తీసి వంటింటి బల్ల మీద పెట్టాడు. వెంట్రుక కన్నా కాస్త లావుగా, గాజులా మెరుస్తోంది.

“అక్కా, నీకు కానుక. అక్కడ పొలాలనిండా ఇదే పంట. చెట్లకీ ఇదే, కంచెలకీ ఇదే, చచ్చినవాళ్ళ కాళ్ళకీ ఇదే.”

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. “చేపలు పట్టే దారమా నాయనా?”

“మమ్మల్ని పట్టేదండీ, అత్తయ్యగారూ.”

తర్వాత అన్నం తింటూ విడమర్చి చెప్పాడు. మొదట్లో డ్రోన్లు రేడియోతో నడిచేవి. ఆ రేడియోకి అడ్డంపడి గోల చేసే మిషన్ ఒకటి లారీ మీద పెట్టుకుంటే, దారి తెలియక ఎక్కడో కూలిపోయేవి. అవతలివాళ్ళు తెలివి మీరారు. ఇప్పుడు డ్రోను పొట్ట కింద దారపు కండె ఉంటుంది. ఎగిరినకొద్దీ దారం వదులుకుంటూ వస్తుంది. కళ్ళూ చెవులూ అన్నీ ఆ దారంలోనే.

“రేడియో ఉంటే గదా అడ్డం పడ్డానికి? నువ్వెంత గోల చేసినా దానికి చెవిటివాడి ముందు కచేరీ. మైళ్ళ అవతల కూర్చున్నవాడు నా లారీ అద్దంలో నా మొహం చూస్తూ వస్తాడు. గడ్డం గీసుకున్నానో లేదో కూడా వాడికి తెలుస్తుంది.”

“మరి దేనికి ఆగుతుందిరా అది?”

“వలకి.”

“ఏం వల?”

“చేపల వలే అక్కా, మామూలుది. దారి పొడుగునా గుంజలు పాతి పైన కప్పేస్తే, రెక్కలు చిక్కుకుని వేలాడుతుంది. కాయ కోసినట్టు కోసుకోవచ్చు. పక్క దళంవాళ్ళకి ఎవరో జాలర్లు పాతవి ఇచ్చారు. ఈ నెలంతా వాళ్ళ దారిలో ఒక్క బండి కూడా దెబ్బతినలేదు. మాకు పదకొండు లారీలుండేవి, ఏడు మిగిలాయి.”

లారీలన్నాడు. డ్రైవర్ల సంగతి ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

“మీది కొనే ఆఫీసే గదా. వలలు పంపించక్కా. చిరుగులున్నా ఫర్వాలేదు, కుట్టుకుంటాం.”

“పంపిస్తాలేరా,” అంది.

పదహారేళ్ళు ఆ ఆఫీసులో పనిచేసిన మనిషి నోటి నుంచి అంత తేలిగ్గా రావలసిన మాట కాదు అది.

ఆయుధాల విభాగానికి ఉత్తరం రాసింది. వల ఆయుధం కాదన్నారు. దుస్తుల విభాగానికి రాసింది. తొడుక్కునేది కాదన్నారు. కట్టడాల విభాగంవాళ్ళు దీనికి పునాది ఎక్కడని అడిగారు. చివరికి అందరూ కలిసి వేలు చూపించిన మత్స్య శాఖకు పంపితే, అక్కణ్ణుంచి దరఖాస్తు ఫారం వచ్చింది. అందులో ‘పడవ పొడవు’ అని ఒక గడి. ఖాళీగా వదిలితే తిరిగొస్తుందని, ‘లారీ, ఇరవై రెండు అడుగులు’ అని రాసింది. నెలన్నర తర్వాత జవాబు: సదరు వాహనం నీటి మీద తేలునట్లు ధ్రువపత్రం జతచేయగలరు.

తమ్ముడు ఫోను చేసినప్పుడల్లా “వలెంతవరకు వచ్చిందక్కా?” అనేవాడు. “దారిలో ఉందిరా” అనేది. వేసవి వచ్చేసరికి అడగటం మానేశాడు. వాతావరణం గురించి మాట్లాడి పెట్టేసేవాడు. అడిగినప్పటికన్నా అడగనప్పుడే ఆమెకు ముద్ద దిగేది కాదు.

అత్తగారు ఆ దారాన్ని ఊరికే పోనివ్వలేదు. పెరట్లో చిక్కుడు తీగకు పందిరిగా అల్లింది. అల్లేటప్పుడు వేలు తెగితే దాన్ని నానా తిట్లూ తిట్టింది. తీగ మాత్రం ఏపుగా పాకింది. పొద్దున్నే నీళ్ళు పోయడానికి వెళ్ళి, ఎండలో తళతళలాడే ఆ దారం మీద పూలు చూసినప్పుడల్లా పేజీలమ్మ చెంబు అక్కడే దించేసి వచ్చేసేది. ఆ చెట్టు చిక్కుళ్ళు ఆమె తినలేదు.

ఇలా ఉండగా ‘గగన కవచం’ పరీక్షకు వచ్చింది. రేడియోకి అడ్డంపడే మిషనే. తమ్ముడు చెప్పిన పాతకాలపు మందు. ఇలాంటిది కావాలని కాగితం రాసుకున్నది ఏడేళ్ళ కిందట. కాగితం గదులు మారి, సంతకాలు ఎక్కించుకుని, నడిచొచ్చేసరికి ఇప్పటికయింది. చక్రాల మీద ఫ్రిజ్జంత ఉంది. ముందువైపు పచ్చవీ ఎర్రవీ దీపాలు పన్నెండు, ఆరుతూ వెలుగుతూ.

“ఈ దీపాలు దేనికండీ?” అని అడిగింది, పట్టికలో రాయాలి కాబట్టి.

“నమ్మకానికి మేడమ్,” అన్నాడు కంపెనీ మనిషి. ఎప్పుడూ నవ్వుతూనే ఉండే మనిషి అతను. అతని పళ్ళు కూడా కంపెనీవేనేమో అనిపించేది ఆమెకు.

ఇది గట్టెక్కితే మొదట వెళ్ళేది తమ్ముడి దళానికే. దీపాలు వెలుగుతున్నాయి కదా అని ఎవడో ఒకడు నమ్మి పట్టపగలు రోడ్డెక్కుతాడు. ఆ ఎవడో ఒకడు ఎవడైనా కావచ్చు. ఆమెకు తెలిసిన ముఖం ఒక్కటే.

పరీక్షల మైదానంలో డ్రోన్లు నడిపేది ఒక సార్జెంటు. కుడిచేతికి రెండు వేళ్ళే మిగిలితే యుద్ధం నుంచి ఇక్కడికి వేశారు. ముందురోజు మధ్యాహ్నం పేజీలమ్మ అతని షెడ్డుకు వెళ్ళి నిలబడింది.

“మీ దగ్గర దారం డ్రోను ఏదన్నా ఉందా అండీ?”

“అవతలివాళ్ళది ఒకటుంది మేడమ్. నా వేళ్ళు తిన్నదాని చెల్లెలు. ఎందుకు?”

“రేపు దాన్ని కాస్త తుడిచి పెట్టుకోండి.”

సార్జెంటు ఆమెవంక ఎగాదిగా చూసి, గుడ్డ ముక్క కోసం వెతుక్కున్నాడు.

కమిటీకి అధ్యక్షుడు పెద్దాయన. ఆయన చేసిన యుద్ధం ఫోటోలు నలుపు తెలుపుల్లో ఉంటాయి. ఆయనకు డేరా అంటే ప్రాణం. కిందటేడు పక్క గోదాము మీది పావురాలు డేరా దూలం ఎక్కి, సరిగ్గా ఆయన టీకప్పులోకి కానిచ్చాయి. రెండు రోజులు తిరక్కుండా డేరా మీదా చుట్టూతా బిర్రుగా వల వెలిసింది. మంచి నైలాను వల, ఇనప గుంజలతో, కొక్కేలతో. ఏ విభాగమూ ఏ ఫారమూ అడగలేదు. టీకప్పుకు వల రెండు రోజుల్లో వచ్చిందని పేజీలమ్మ ఎవరితోనూ అనలేదు. ఆ కింద కూర్చుని టీ తాగటం మాత్రం మానేసింది.

పరీక్ష పది గంటలకు మొదలైంది. లక్ష్యం దూరంగా నిలబెట్టిన చెక్క లారీ. కాగితం ప్రకారం డ్రోన్లు తెచ్చేది కూడా కంపెనీయే. మూడు తెచ్చారు. మొదటిది బుద్ధిగా ఎగిరి, మిషన్ గుయ్యిమనగానే తూలి, గడ్డి మీద మెత్తగా వాలింది. రెండోదీ అంతే. మూడోది మిషన్ పెట్టకముందే వాలబోతే, కంపెనీ మనిషి ఏదో నొక్కి మళ్ళీ లేపాడు.

“మచ్చిక చేసిన కోళ్ళు మేడమ్,” అన్నాడు సార్జెంటు పళ్ళ మధ్య నుంచి. “బా బా అంటే వస్తాయి, పో పో అంటే పోతాయి.”

పెద్దాయన చప్పట్లు కొట్టాడు. టీ వచ్చింది. మొదటి బిస్కెట్టు అయి, రెండోదానికి చెయ్యి వెళుతుండగా పేజీలమ్మ లేచి నిలబడింది.

“సార్, తొమ్మిదో నిబంధనలో ఒక మాటుంది. కమిటీ వారు సరేనంటే మైదానంలో ఉన్న డ్రోనుతో ఇంకొక్కసారి చూడొచ్చట. గడి ఖాళీగా ఉంటే పైవాళ్ళు తిప్పి పంపుతారేమోనని.”

తిప్పి పంపటం అనే మాటకు ఆ డేరాలో ఉన్న శక్తి ఏ బాంబుకూ లేదు. పెద్దాయన చెయ్యి ఊపాడు. “కానివ్వండమ్మా. ఏముంటే అది ఎగరెయ్యమనండి.”

సార్జెంటు తెచ్చిన డ్రోను చూసి కంపెనీ మనిషి నవ్వు కాస్త పక్కకు జరిగింది. “సార్, దీనికి యాంటెన్నా లేదు.”

“అయితే ఇంకా తేలికేగా,” అన్నాడు పెద్దాయన.

కంపెనీ మనిషి పక్కకు జరిగిన నవ్వును మళ్ళీ సర్దుకున్నాడు. యాంటెన్నా లేకపోవటం ఎందుకు తేలిక కాదో చెప్పాలంటే, తన మిషన్ ఎందుకు పనికిరాదో చెప్పాలి.

“లక్ష్యం ఏదండీ?” సార్జెంటు అడిగాడు. “చెక్క లారీయేనా?”

పెద్దాయనకు ఆ పూట హుషారు వచ్చింది. “లారీ ఎందుకయ్యా, నా కుర్చీ మీదికే రానీ. మన కవచం మీద నాకు ఆమాత్రం నమ్మకం ఉంది.” చుట్టూ ఉన్నవాళ్ళు మెచ్చుకోలుగా నవ్వారు. పేజీలమ్మ ఆ మాటను సమయంతో సహా రాసుకుంది.

మందుగుండుకు బదులు సుద్దపొడి సంచీ కట్టి, సార్జెంటు మైదానం ఆ చివరికి వెళ్ళి ఎగరేశాడు. పొట్ట కింద దారం మెరిసింది. మిషన్ గుయ్యిమంది, పన్నెండు దీపాలూ వెలిగాయి. డ్రోను దాన్ని పట్టించుకోలేదు. కంపెనీ మనిషి ఒక మర తిప్పాడు, ఇంకో మర తిప్పాడు, చివరికి మిషన్‌ను చేత్తో తట్టాడు. డ్రోను చెక్క లారీని దాటింది, మిషన్‌ను దాటింది, పెద్దాయన కుర్చీని వెతుక్కుంటూ తిన్నగా వచ్చింది.

ఎవరూ అరవలేదు. అరవటానికి వ్యవధి లేదు. మిషన్‌ను వదిలేసి వచ్చిన కంపెనీ మనిషితో సహా కమిటీ మొత్తం బల్ల కిందికి దూరింది. పెద్దాయన వయసు వల్ల కుర్చీలోనే ఉండిపోయాడు.

డ్రోను పావురాల వలలో పడింది.

డేరా ముందువైపు, ఆయన తలకు మూరెడు ఎత్తున, రెక్కలు చిక్కుకుని, బుర్రుబుర్రుమని కాసేపు కొట్టుకుని ఆగిపోయింది. సంచీ చిరిగి సుద్దపొడి వల కన్నాల్లోంచి జల్లెడ పట్టినట్టు దిగి, పెద్దాయన మీసాల మీద, టీలో, బిస్కెట్ల మీద పరుచుకుంది. వల మాత్రం ఒక్క పోగు తెగలేదు.

 పేజీలమ్మకు లోపల ఒక మూల చల్లబడింది. ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. ఏది ఆపలేదో, ఏది ఆపిందో, కళ్ళున్నవాళ్ళంతా చూశారు.

బల్ల కింద నుంచి ముందుగా పైకి లేచింది కంపెనీ మనిషి నవ్వు, వెనకే అతను. మోకాళ్ళు దులుపుకుంటూ, “ఆగింది కద సార్,” అన్నాడు.

పైన చిక్కుకున్న డ్రోనువైపు వేలు చూపించాడు.

“మిషన్ ఆన్‌లో ఉంది. డ్రోను లక్ష్యాన్ని చేరలేదు. కాగితం అడిగేది అంతే.”

పెద్దాయన మీసం మీది పొడి తుడుచుకున్నాడు. మిషన్ ఆపలేదని ఒప్పుకుంటే, తన కుర్చీ మీదికి తానే పిలుచుకున్నాననీ, తనను కాపాడింది పావురాల వల అనీ ఒప్పుకోవాలి. ఆయన ఆలోచించటానికి అరనిమిషం కూడా పట్టలేదు.

“నిజమే. చేరలేదు. నాలుగుకు నాలుగు. రాయండమ్మా.”

మిగతావాళ్ళు కాలర్లు సర్దుకుంటూ తలలూపారు. ఒకాయన సుద్ద పడని బిస్కెట్టు ఏదన్నా ఉందేమోనని ప్లేటు కలియబెడుతున్నాడు. మైదానం నుంచి వచ్చిన సార్జెంటు సంగతి విని, డేరా బయటికి వెళ్ళి ఉమ్మేసి వచ్చాడు.

పేజీలమ్మ కలం బల్ల మీద పెట్టేసింది. నోరంతా సుద్ద రుచి. రాయనని చెప్పొచ్చు. దుప్పట్ల గోదాములో ఇంకో కుర్చీ ఖాళీగానే ఉంటుంది. ఆమె స్థానంలో వచ్చినవాళ్ళు ఇదే మాట ఇంకా అందమైన చేతిరాతతో రాస్తారు. మిషన్ ఎలాగూ తమ్ముడి దగ్గరికి వెళుతుంది. ఉత్త మిషన్.

తల ఎత్తి వేలాడుతున్న డ్రోను వంక చూసింది. తర్వాత వల వంక చూసింది. కలం మళ్ళీ తీసుకుంది.

“రాస్తాను సార్. పట్టిక కూడా పూర్తి చేసేస్తాను, అందరూ ఉండగానే.”

టేపు తీసుకుని డేరా చుట్టూ తిరిగింది. సార్జెంటు రెండో కొస పట్టుకున్నాడు. నైలాను వల, ముప్పై అడుగులకు నలభై. ఇనప గుంజలు నాలుగు. కొక్కేలు అరవై. కట్టుతాళ్ళు పన్నెండు. గుంజకు తగిలించిన బోర్డు ఒకటి.

“పావురాల వల కూడానా మేడమ్?” కంపెనీ మనిషి నవ్వాడు.

“పరీక్షప్పుడు ఉంది కదండీ.”

“మా దీపాలు రాశారా?”

“పన్నెండూ రాశాను.”

అతను తృప్తిపడ్డాడు. పెద్దాయన ఇంటికెళ్ళి తలస్నానం చేసే తొందరలో పందొమ్మిది పేజీల మీదా చకచకా సంతకాలు పెట్టేశాడు. ఆమె కూడా పెట్టింది, ‘నాలుగుకు నాలుగు’ కింద. ఆ సంతకం పెట్టేటప్పుడు పురుగును చేత్తో నలిపినట్టనిపించింది. ఇంటికొచ్చి మూడుసార్లు చేతులు కడుక్కుంది. అత్తగారు చూసి, “సబ్బేమన్నా ఊరికే వస్తోందా అమ్మాయ్?” అంది.

రెండు వారాలకు కంపెనీ మనిషి ఆఫీసుకు పరుగెత్తుకొచ్చాడు. నవ్వు ఇంటి దగ్గర మర్చిపోయినట్టున్నాడు.

“మేడమ్, పద్నాలుగో పేజీ. ఒక్కో మిషన్‌కీ ఒక్కో వల పంపాలంట. గుంజలతో సహా. ఆ ఒక్క పేజీ తీసేద్దాం.”

“తీసేద్దామండీ. తీస్తే నంబర్లు తెగుతాయి. నంబర్లు తెగితే పరీక్ష మళ్ళీ పెట్టాలి. మళ్ళీ పెడితే నాలుగో డ్రోను దేనికి ఆగిందో విడిగా రాయమంటారు.” సొరుగు తీసింది. “ఫారం ఇమ్మంటారా?”

అతను చాలాసేపు ఆమెను చూశాడు. ఆమె అతని వెనక గోడ మీది క్యాలెండరును చూసింది. ఫారం పుచ్చుకోకుండానే వెళ్ళిపోయాడు.

శీతాకాలం మొదట్లో తమ్ముడు ఫోను చేశాడు. చాలా రోజుల తర్వాత అతని గొంతులో వాతావరణం కాక ఇంకేదో ఉంది.

“అక్కా, వలలొచ్చాయి. మిషన్‌కొకటి. అందినంత మేరా దారి కప్పేశాం. నిన్న రెండు చిక్కాయి, చిలకల్లాగా వేలాడుతున్నాయి. నువ్వేనా?”

“నాదేముందిరా. ఉన్నది రాశాను.”

“ఒక గుంజకు బోర్డు కూడా ఉందక్కా. ‘పావురాలకు గింజలు వేయరాదు’ అని. మావాళ్ళు దాన్ని తలగడ దగ్గర పెట్టుకుని పడుకుంటున్నారు, నవ్వుకోడానికి.”

“లారీలెన్ని ఉన్నాయి?” అడిగింది.



“మూడు.”

ఏడులోంచి మూడు తీసేస్తే ఎంతో ఆమెకు తెలుసు. కాగితం గదులు మారుతూ, పడవ పొడవు అడుగుతూ, నీటి మీద తేలునా అని విచారిస్తూ నడిచిన నెలల్లో పోయినవి ఆ నాలుగూ. ఎవరెవరని ఈసారి అడిగింది. అతను చెప్పాడు. నాలుగు పేర్లూ విని, ఏ పట్టికలోనూ ఎక్కనివి కాబట్టి, మనసులోనే ఒకటికి రెండుసార్లు అనుకుంది.

“మరి ఆ మిషన్ ఏం చెయ్యమంటావక్కా? తడి మేజోళ్ళు ఆరేసుకుంటున్నాం.”

“దీపాలు వెలుగుతున్నాయా?”

“బ్రహ్మాండంగా.”

“ఆర్పెయ్యి. వాటిని చూసి గురిపెడతాడు.”

కవచం గెలిచినందుకు పెద్దాయనకు సన్మానం జరిగింది. వలను గురించి ఆయన గంటసేపు ఉపన్యసించాడు, ‘పొరలు పొరలుగా రక్షణ’ అనే ఆలోచన తనకు ఎలా తట్టిందో. కంపెనీ మనిషి ముందు వరసలో పళ్ళన్నీ పెట్టుకుని కూర్చున్నాడు. కమిటీలో అందరికీ గాజు జ్ఞాపికలిచ్చారు. పేజీలమ్మది అత్తగారు పిండి డబ్బా మూత ఎగరకుండా పైన పెట్టింది.

నెగ్గిన వస్తువులను నమూనాగా సీలు వేసి దాచాలన్నది ఇంకో నియమం. కాబట్టి డేరా మీది వల విప్పి, మడతపెట్టి, లక్క వేసి బీరువాలో పెట్టారు. డేరాకు కొత్త వల తెప్పించమని పెద్దాయన పురమాయించాడు. పేజీలమ్మ వెంటనే దరఖాస్తు పెట్టింది. అడ్డదారిన కాదు, పద్ధతి ప్రకారం, మత్స్య శాఖకు. పడవ పొడవు గడిలో ‘డేరా, ముప్పై అడుగులు’ అని రాసింది. జవాబు రావలసి ఉంది.

తర్వాతి పరీక్ష రోజున కమిటీ యథాప్రకారం కూర్చుంది. టీ వచ్చింది. పెద్దాయన కప్పు ముందు పెట్టుకుని, తన యుద్ధం రోజుల్లో వస్తువులు ఎంత వేగంగా వచ్చేవో చెబుతున్నాడు. దూలం మీద ఒక పావురం వచ్చి వాలింది. రెండడుగులు ఇటు నడిచింది, ఒకడుగు అటు నడిచింది, చోటు కుదిరాక తోక ఎత్తింది.

పెద్దాయన మాట్లాడుతూనే చెంచాతో కలుపుకుని గుక్క తాగాడు. “ఇవాళ టీ చిక్కగా ఉంది,” అన్నాడు.

పేజీలమ్మ అంతా చూసింది. పదహారేళ్ళలో మొదటిసారి, చూసింది రాయకుండా పేజీ తిప్పింది.